బోర్లించి చూస్తే తెలిసే వయసు

పాత పింగాణీని ఎరిగినవారి చేతికి ఒక గిన్నె ఇస్తే, పైనున్న డ్రాగన్లనూ పూలనూ చూడకముందే వారు దాన్ని బోర్లిస్తారు. బొమ్మలను చూసి గీయగలవారు ఎప్పుడూ ఉన్నారు. అడుగున రాసే ఆరు చైనా అక్షరాల ముద్రను దించడం అంతకంటే సులభం. కానీ పాత్ర నేలమీద ఆనే సన్నని చుట్టంచుకు గాజుపూత పూయరు. పూస్తే బట్టీలో అది కరిగి కిందిదానికి అతుక్కుపోతుంది. అందువల్ల ఆ ఒక్క చోట మట్టి బయటికి కనిపిస్తుంది. దాన్ని ఎంత మెత్తగా నూరారో, ఎంత వేడిలో కాలిందో, చల్లారేటప్పుడు గాలి దానికి ఎలా తగిలిందో ఆ చుట్టంచు మీదే చదువుకోవచ్చు.

కొన్నేళ్ల క్రితం ఒక పాత సామాన్ల దుకాణంలో నేనొక చిన్న గిన్నె కొన్నాను. పక్కలకు గులాబీ రంగు తామరపూలు, అడుగున నీలంతో రాసిన ఆరు అక్షరాలు ఉన్నాయి. వాటిని కుడివైపు వరుసలో పైనుంచి కిందికి, తర్వాత ఎడమ వరుసలో అలాగే చదవాలి. 'మహా మింగ్ రాజ్యంలో, ఛెంగ్‌హువా పాలనా కాలంలో తయారైనది' అని వాటి అర్థం. ఛెంగ్‌హువా చక్రవర్తి పాలనా సంవత్సరాలు 1465 నుంచి 1487 వరకు. అయిదు వందల ఏళ్ల నాటి గిన్నె అని దుకాణదారు చెప్పిన మాటను ఆ అక్షరాలు బలపరుస్తున్నాయనుకుని నమ్మాను. అబద్ధం ముద్రలో ఉందని నాకు తర్వాత తెలియజెప్పింది ఆ తామరపూల రంగే. అటువంటి చిక్కని గులాబీ రంగు బంగారపు అతి సూక్ష్మ కణాలు గాజులో కలిసినప్పుడు వస్తుంది, అది చైనా కుమ్మరుల చేతికి వచ్చింది 1720 ప్రాంతంలో. ముద్రలో ఉన్న కాలానికీ, రంగు పుట్టిన కాలానికీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా తేడా ఉంది.

అయితే ముద్ర సరిపోలనంత మాత్రాన చేసినవాడు మోసగాడని తీర్మానించడం సరికాదు. పూర్వుల పనితనాన్ని గౌరవిస్తూ వారి పాలనా ముద్రను కొత్త పాత్రల మీద రాయడం చైనాలో చాలా పాత అలవాటు. పైగా 1677లో, కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, పింగాణీ తయారీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ పట్టణపు అధికారి ప్రస్తుత చక్రవర్తి పేరును పాత్రల మీద రాయకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. పగిలిన పెంకులతోపాటు చక్రవర్తి పేరు కూడా చెత్తకుప్పలో పడుతుందన్నది కారణం. అప్పటి కుమ్మరులు కొన్ని పాత్రలకు ఖాళీ వలయాలు గీశారు, కొన్నిటికి ఆకు బొమ్మ వేశారు, చాలావాటికి ఛెంగ్‌హువా పేరు రాశారు. అందుచేత ఆ పేరున్న కాంగ్‌షీ కాలపు పాత్ర తనంతట తాను విలువైనదే. దాన్ని ఛెంగ్‌హువా కాలానిదిగా అమ్మినప్పుడే మోసం మొదలవుతుంది.

చుట్టంచు దగ్గర కనిపించే ఆ మట్టి ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్‌లో పింగాణీకి ముఖ్యంగా రెండు పదార్థాలను కలుపుతారు. ఒకటి దగ్గరలోని గావోలింగ్ కొండ పేరుమీద ప్రపంచమంతా కేయోలిన్ అని పిలిచే తెల్లమట్టి. రెండవది అభ్రకం, క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న ఒక రకం రాయి, దంచి పొడిచేసి ఇటుకల్లాగా అచ్చువేసి అమ్మేవారు. 1712లో అక్కడినుంచి ఉత్తరం రాసిన ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్, తెల్లమట్టిని ఎముకలతోనూ రాతిపొడిని కండతోనూ పోల్చే మాటను అక్కడి వ్యాపారుల నోట విని నమోదు చేశాడు. రసాయనశాస్త్రం కూడా ఆ పోలికను చక్కగా సమర్థిస్తుంది. బట్టీ వేడి సుమారు 1300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు రాతిపొడి కరిగి గాజుగా మారి సందులన్నీ నింపుతుంది. తెల్లమట్టి నుంచి ముల్లైట్ అనే ఖనిజపు సన్నని సూదులు పుట్టి, ఆ మెత్తబడ్డ గాజులో పాత్ర కుంగిపోకుండా నిలబెడతాయి. మన ఊరి కుండ ఇంతకంటే చాలా తక్కువ వేడిలో, వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. దాని గోడల్లో సందులు మిగులుతాయి, వాటిలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతుంది కాబట్టే కుండలో నీళ్లు చల్లబడతాయి. పింగాణీ చుక్క నీరు కూడా పీల్చదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల వేళ్ల నీడ కనిపిస్తుంది, కుండ కొనేటప్పుడు చేసినట్టు వేలితో మీటితే గంటలాగా మోగుతుంది. యూరప్‌లో ఈ కిటుకు బోట్‌గర్ అనే రసవాదికి 1708లో గాని పట్టుబడలేదు. మైసెన్ కార్ఖానా 1710లో మొదలైంది.

చుట్టంచుకు ఇంకో గుర్తు ఉంది. యువాన్, తొలి మింగ్ రాజవంశాల కాలపు (సుమారు 13–15 శతాబ్దాల) మట్టిలో కొద్దిగా ఇనుము ఉండేది. పాత్ర చల్లారేటప్పుడు గాలి తగిలి, గాజుపూత ఆగిపోయిన గీత వెంబడి ఆ ఇనుము తుప్పుకు చేరువైన నారింజ రంగు తిరుగుతుంది. అసలైనదానిలో ఆ రంగు మట్టి లోపలినుంచి వచ్చినట్టు, ఒకచోట చిక్కగా, పక్కనే లేతగా ఉంటుంది. నకిలీలో ఇనుప నీళ్లు తుడిచినట్టు అంతటా ఒకే తీరున పరుచుకుంటుంది. వాడుకవల్ల పడే గీతల సంగతి కూడా ఇటువంటిదే. వందల ఏళ్లు భోజనానికో పూజకో వాడిన పళ్లెం మీద గీతలు అన్ని దిక్కులకూ, రకరకాల లోతుల్లో పడతాయి. గరుకు కాగితంతో రుద్దిన కొత్త పళ్లెం మీద భూతద్దం పెడితే గీతలన్నీ ఒకే వైపు వరుసగా పారుతుంటాయి.

తెల్లమట్టి మీద నీలం బొమ్మలున్న పాత్రల్లో నాకు ఎంతో ఇష్టమైన గుర్తు మాత్రం రంగుదే. పచ్చి పాత్ర మీద బొమ్మ వేసి, దానిపై గాజుపూత పోసి, అన్నిటినీ కలిపి ఒకేసారి కాల్చేవారు. 1300 డిగ్రీల వేడిని రంగు చెడకుండా తట్టుకునే పదార్థాలు అరుదు. రాగితో వచ్చే ఎరుపు బట్టీలో గాలి కాస్త ఎక్కువైనా తక్కువైనా బూడిదరంగుకో పచ్చదనానికో తిరిగిపోయేది. కోబాల్ట్ నీలం ఆ పరీక్షకు నిలిచింది. తొలి రోజుల్లో కోబాల్ట్ పర్షియా వైపునుంచి దిగుమతయ్యేది, దానిలో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. తర్వాత చైనాలోనే తవ్విన ముడిఖనిజంలో మాంగనీసు ఎక్కువ. పాత్రకు చిన్న గీత కూడా పెట్టకుండా, ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసి, తిరిగి వెలువడే కిరణాలనుబట్టి ఈ రెండు లోహాల నిష్పత్తిని ఇప్పుడు కొలుస్తున్నారు. యోంగ్‌లే (1403–1424), షువాన్‌డె (1426–1435) కాలాల పాత్రల్లో రంగు దట్టంగా పడినచోట ఇనుము వల్ల నల్లని మచ్చలు ఏర్పడతాయి. ఆ మచ్చల మీద వేలికొనతో మెల్లగా రాస్తే, గాజుపూత అక్కడ సన్నగా కుంగినట్టు తగులుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారులు ఈ అందాన్ని అనుకరిస్తూ కుంచెతో కావాలని నల్ల చుక్కలు అద్దారు. చూపుకు అవి చాలా బాగుంటాయి, కానీ వేలికి నున్నగానే తగులుతాయి.

ఇన్ని గుర్తులున్నా, కొలతకు ఆధారంగా నిలిచే ఒక తేదీ కావాలి. ఆ తేదీ 1351. ఆ ఏడాది ఒక భక్తుడు తావో మతపు ఆలయానికి సమర్పించిన రెండు నీలి కూజాల మెడ మీద సమర్పణ వాక్యాలు, సంవత్సరం, నెల, రోజుతో సహా రాసి ఉన్నాయి. సుమారు 63 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ కూజాలకు పిడులుగా ఏనుగు తలలు, ఒంటిమీద మేఘాల మధ్య డ్రాగన్లు ఉంటాయి. ఈ రెండింటినీ వేరువేరు చోట్ల కొని మళ్లీ జతకూర్చిన సర్ పెర్సివల్ డేవిడ్ 1892లో బొంబాయిలో పుట్టినవాడు. అతను కూడబెట్టిన సుమారు 1,700 వస్తువులు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1950లలో అమెరికన్ పండితుడు జాన్ పోప్ ఈ కూజాల మీది పూతీగలనూ అరటాకులనూ అలలనూ ప్రమాణంగా తీసుకుని, ఇస్తాంబుల్‌లోని తోప్‌కపీ రాజభవనంలోని పాత్రలతో పోల్చాడు. పద్నాలుగో శతాబ్దపు నీలి పింగాణీ ఏదో గుర్తుపట్టడం అప్పటినుంచే సాధ్యమైంది. సరిగ్గా ఆ 1351లోనే ఢిల్లీ సింహాసనం ఎక్కిన ఫిరోజ్ షా తుగ్లక్ కోటలో, ఆ కాలపు చైనా పళ్లేల పెంకులు ఇరవయ్యో శతాబ్దంలో దొరకడం నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ప్రయోగశాలలో చేసే ఉష్ణదీప్తి పరీక్ష మట్టి వయసును నేరుగా అడుగుతుంది. మట్టిలోని క్వార్ట్జ్ వంటి రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత నుంచి కొంత శక్తిని నిలవచేసుకుంటూ పోతాయి. బట్టీ వేడికి ఆ నిలవ పూర్తిగా ఖాళీ అవుతుంది, చల్లారిన రోజునుంచి మళ్లీ మొదలవుతుంది. చిన్న నమూనాను తీసి వేడిచేస్తే ఆ శక్తి మసక వెలుగుగా బయటపడుతుంది, వెలుగు ఎంత ఎక్కువైతే వయసు అంత ఎక్కువ. సమాధుల్లో దొరికే తాంగ్ రాజవంశ కాలపు (7–10 శతాబ్దాల) మట్టి గుర్రాలకు ఇది బాగా పనికొస్తుంది. పల్చని పింగాణీకి రంధ్రం చేయవలసి రావడం బాధాకరం, ఫలితం కూడా చాలా ఏళ్లు అటూ ఇటూ ఉంటుంది. నకిలీలు చేసేవారు దీన్ని కూడా దాటే దారులు వెతికారు: పాత పాత్ర అడుగును కొత్త పాత్రకు అతికించడం ఒకటి, కొత్త మట్టికి కృత్రిమంగా రేడియేషన్ ఇవ్వడం మరొకటి. అందువల్ల ఏ ఒక్క పరీక్షనూ చివరి మాటగా తీసుకోకూడదు.

డబ్బు ఇంత ఉన్నచోట ఇంత శ్రమ పడేవారు ఉండటంలో వింతలేదు. 2014లో హాంగ్‌కాంగ్ వేలంలో, కోడిపుంజు, పెట్ట, పిల్లలు గీసి ఉన్న ఛెంగ్‌హువా కాలపు చిన్న కప్పు 28 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా పలికింది. దాని అడ్డుకొలత ఎనిమిది సెంటీమీటర్లు దాటి కాస్త మాత్రమే. సముద్రంలో మునిగిన ఓడలు ఈ వ్యాపారానికి ఇంకో వనరు. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ సరుకును 1980లలో పైకి తీసి, 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ముక్కముక్కగా వేలం వేశారు. ఏ పాత్ర ఏ పెట్టెలో, దేని పక్కన ఉందో తెలిపే సమాచారం ఆ హడావిడిలో చాలావరకు పోయింది. సేకరణ మీద నాకున్న ప్రేమ ఎంతైనా, ఆ నష్టం నన్ను కలవరపెడుతుంది. మన దేశంలో వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపకూడదు. కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

తెలుగు తీరంలో ఈ పింగాణీ జాడలు చిల్లపెంకులుగానే మిగిలాయి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటాననీ గణపతిదేవుడు అభయశాసనం వేయించిన మోటుపల్లిలో, నెల్లూరు వైపు కొత్తపట్నంలో చైనా పాత్రల పెంకులు దొరికాయి. అటువంటి పెంకు ఒకటి ఏ మట్టి పొరలో, ఏ నాణెం పక్కన దొరికిందో రాసిపెట్టి ఉంటే, ఊరూ పేరూ లేని అద్దాల అలమరా కూజాకంటే అది చరిత్రకు ఎక్కువ పనికొస్తుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం నిండు పాత్రలున్నాయి. అక్కడి లేతాకుపచ్చ సెలడాన్ పళ్లేలను మన దేశంలో ఘోరీ అనేవారు. విషం కలిపిన వంటకం వడ్డిస్తే పళ్లెం రంగు మారుతుందనో పగులుతుందనో రాజులు నమ్మేవారు. ఆ ఆకుపచ్చ గాజులో కలిసిన కొద్దిపాటి ఇనుము, గాలి చాలని బట్టీలో కాలడం వల్ల వచ్చింది. ఒకసారి గట్టిపడ్డ గాజు ఏ వంటకానికీ స్పందించదు.

మ్యూజియంలలో ఇటువంటి పళ్లేలను ఎదుట నిలబడి చూసిన ప్రతిసారీ వాటి వెనుకవైపు నాకు కనబడదు. కొన్ని చోట్ల పాత్ర కింద చిన్న అద్దం పెడతారు. వంగి అందులోకి చూస్తే ముద్ర, నారింజ గీత, బట్టీలో అంటుకున్న ఇసుక రేణువులు కనిపిస్తాయి.