తోక ఊపేది మనకా, బిస్కెట్‌కా

పాపా, అబ్బోడా,

మీరిద్దరూ బెంగళూరు నుంచి పంపిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగతా విన్నా. ఇద్దరూ ఒకేసారి అరిస్తే నాకు సగం అర్థం కాలా, మీ అవ్వ రెండోసారి పెట్టి వినిపించింది. మన మెట్ల కింద పిల్లలు పెట్టిన నల్లకుక్క ఉంది కదా, దీపావళికి వచ్చినప్పుడు అది తనని చూసి తోక ఊపిందంటే తనంటే ఇష్టమే అని పాప అంటాది, కాదు పార్లేజీ కోసమే, ఖాళీ చేత్తో పోయి చూడు నీ మొహం కూడా చూడదు అని అబ్బోడు అంటాడు. తీర్పు తాత చెప్పాలంట. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి చిల్లర దగ్గర గొడవలు పడినోణ్ణి నేను, ప్రేమ గురించి నన్నడిగితే ఏం చెప్తా. అయినా అడిగినారు కాబట్టి రాస్తా ఉండా. వాయిస్‌లో చెప్తే మధ్యలోనే ఇంకో వీడియోకి పోతారు మీరు.

ముందు ఒక మాట నేర్చుకోండి. చేపడం. ఈదే చేప కాదు. ఆవు చేపింది అంటే పాలు దించింది అని. ప్యాకెట్ పాలు తాగే వాళ్ళకి ఈ మాటతో పని పడదులే. పొదుగు నిండా పాలున్నా సరే, ఆవు చేపకపోతే నువ్వు ఎంత పిండినా నాలుగు చుక్కలు వస్తాయి, అంతే. దూడ వచ్చి మూతితో పొదుగుని కుమ్మాల, చప్పరించాల, అప్పుడు ఒక నిమిషానికి చన్నులు బిగుసుకోని నిగనిగలాడతాయి, దూడ మూతి పక్కన నురగ కారతాది. అలవాటు పడిన ఆవైతే దూడ అరుపు వినిపిస్తేనే చేపేస్తాది, దూడ ఇంకా దగ్గరికి కూడా వచ్చి ఉండదు. అదే కొత్త మనిషి వచ్చినా, ఎవరన్నా కొట్టినా, పాలు పైకి పట్టేస్తాది. ఎగచేపింది అనేవాళ్ళు మా ఇంట్లో. భయపడితే చేపదు. బతిమాలితే చేపదు. 

చంద్రగిరి దగ్గర మా పల్లెలో మాకొక మచ్చావు ఉండేది. అప్పటి మన చిత్తూరు జిల్లాలోని పుంగనూరు ఆవు కాదు, అది పొట్టిది, మూడడుగులు అటూ ఇటూగా ఉంటాది, మాది మామూలు నాటావు. తెల్లారి నా పని ఏందంటే దూడ తలుగు విప్పడం, అది నాలుగు గుక్కలు తాగినాక బలవంతంగా లాక్కొచ్చి ఆవు ముందరికాలికి కట్టేయడం. ఆవు దాన్ని నాకతా ఉంటే మా నాయన ఇటు పిండుకునేవాడు. చూస్తే ఏమనిపిస్తాది, దూడ పేరు చెప్పి మనం తాగతా ఉండాం అనిపిస్తాది. నాకైతే అనిపించింది. ఒకరోజు రాత్రి దూడ ముడి కావాలనే వదులుగా కట్టినా. పొద్దున్నకి అది కడుపు ఉబ్బరంగా పడుకోనుంది, ఆవు దగ్గర చుక్క లేదు, నాకు చింతబరికె దెబ్బలు పడినాయి. అదేదో పెద్ద త్యాగం అనుకోవద్దు, ఆ రోజు మా చెల్లెలికి కూడా పాలు లేవు, అది ఏడస్తా ఉంటే నేను కొట్టం వెనక దాక్కున్నా.

ఆ తర్వాత ఆవు ఈనినప్పుడు పుట్టిన దూడ పది రోజులకే పారుడు పట్టి చచ్చిపోయింది. మచ్చావు మూడు రోజులు అరిచింది. కసువు ముట్టలా, చేపలా. నాయన ఎవరినో పిలిపించి ఆ దూడ తోలులో వరిగడ్డి కూరించి, కాళ్ళకి నాలుగు కట్టెలు పెట్టి కుట్టించినాడు. దాన్ని తెచ్చి ఆవు ముందర నిలబెట్టి బెల్లంనీళ్ళు పూసినాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆవు వాసన చూసింది, చూసి నాకడం మొదలుపెట్టింది. ఆ నాలుక గరగర మనే చప్పుడు నాకింకా గుర్తుంది, కుట్ల దగ్గర ఎక్కువసేపు నాకింది. కాసేపటికి చేపింది. దూడ తాగేటప్పుడు ఆవు తల వెనక్కి తిప్పి దాని తోక కింద వాసన చూసుకుంటాది, మీరు ఎప్పుడన్నా గమనించండి. ఆ రోజు కూడా తిప్పింది. వెనక మా నాయన చెంబు పట్టుకోని కూర్చోనున్నాడు.

ఆవుకి తెలీదా అవ్వా అది దూడ కాదని అని అడిగితే, మా అవ్వ "నీకెందుకురా, ఆ దుత్త ఇట్లా తే" అనింది. నాలుగు రోజులు నేను కాఫీ తాగలా. ఐదో రోజు తాగినా, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు మీ కుక్క దగ్గరికి వస్తా. ఆవు చేపేటప్పుడు దాని మెదడులో ఆక్సిటోసిన్ అని ఒక హార్మోన్ ఊరతాది. మీ అమ్మకి మీరు పాలు తాగేటప్పుడు ఊరింది కూడా అదే. 2015లో జపాన్‌ వాళ్ళు ఏం చేసినారంటే, కుక్కనీ దాన్ని పెంచినోళ్ళనీ ఒక గదిలో అరగంట పెట్టి, ముందరా తర్వాతా ఇద్దరి ఉచ్చ పరీక్ష చేసినారు (నవ్వకండి). ఎవరైతే ఒకరి కళ్ళల్లోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నారో ఆ కుక్కలకీ మనుషులకీ ఇద్దరికీ అది పెరిగింది. మనుషులే పెంచిన తోడేళ్ళకి అట్లా పెరగలా. అంటే నా లెక్కలో కుక్క మనల్ని చూసి కళ్ళతో చేపతాది, మనం కూడా తిరిగి చేపతాం. తోక ఊపడం అంటే చన్నులు బిగుసుకోవడం లాంటిది, లోపల దిగింది బయటికి కనపడతాది, అంతే. బిస్కెట్ ఏమో దూడ మూతి. మొదట అది తగలాల. తగిలించినోళ్ళని తర్వాత చూస్తేనే చాలు.

అబ్బోడు ఇక్కడ ఊరుకోడు నాకు తెలుసు. మరి ఇంకో దూడ వస్తే ఆవు తంతాది కదా తాతా అంటాడు. తంతాది. మామూలుగా తన దూడకే గానీ పక్క దూడకి చేపదు. అంటే షరతు ఉన్నట్టే. ఈ పోలిక ఇక్కడ కొంచెం కుంటతాది, ఒప్పుకుంటా. జంతువులన్నీ దేవుళ్ళు, మనుషులే చెడిపోయినారు అని ఫోన్లో స్టేటస్‌లు పెట్టేవాళ్ళంటే నాకు పెద్ద నమ్మకం లేదు, వాళ్ళెవరూ ఒక్కరోజు పేడ ఎత్తి ఉండరు.

కానీ మన తిరుమల కొండ కథే తీసుకో. దూడ లేదు, గిడ్డ లేదు, ఒక పుట్ట. ఆ పుట్టలోకి ఆవు రోజూ పోయి పాలు కార్చి వచ్చేది. ఇంట్లో పాలు తగ్గినాయని పశువుల కాపరి వెంటపడి పోయి చూసి గొడ్డలి ఎత్తినాడు, ఆవు మీద పడాల్సిన దెబ్బ లోపల ఉన్న శ్రీనివాసుడు లేచి తన తల మీద వేసుకున్నాడు. ఈ రోజుకీ తిరుమలలో తెల్లారి గుడి తలుపులు తీసేటప్పుడు ముందు ఉండేది సన్నిధి గొల్ల, ఆ కాపరి వంశం అంటారు. నేను ఈ కథ వందసార్లు విన్నా. విన్నప్పుడల్లా దేవుడి దెబ్బ గురించే చెప్తారు గానీ ఆ ఆవు ఎట్లా చేపిందిరా నాయనా, మూతి పెట్టినోడు లేడే అని నాకు ఆశ్చర్యం. దీనికి నా దగ్గర జవాబు లేదు, జపాన్‌ వాళ్ళ దగ్గర కూడా ఉండదు.

ఎలకల సంగతి కూడా ఒకటి చెప్పేస్తా, మర్చిపోతా లేకపోతే. 2011లో అమెరికాలో, షికాగోలో, ఒక ఎలకని ఇరుకు గొట్టంలో పెట్టి మూసినారు, ఇంకో ఎలకని బయట వదిలినారు. బయటిది రోజూ తంటాలు పడి తలుపు తీయడం నేర్చుకోని దాన్ని విడిపించింది. పక్కన ఇంకో పెట్టెలో చాక్లెట్ ముక్కలు పెట్టినా కూడా ఆ ఎలకని వదిలిపెట్టలా, పైగా ముక్కలు కొన్ని దానికీ మిగిల్చింది. మీరిద్దరూ చాక్లెట్ పంచుకునే పద్ధతి నేను చూసినా. ఇంకేం అనను.

ఒక చెడ్డ సంగతి కూడా చెప్పాల. దూడ లేకుండానే ఆవుకి అదే ఆక్సిటోసిన్ సూది పొడిచి చేపించేవాళ్ళు ఉండారు. మన వీధికి ముందు పాలు పోసినాయన అట్లాంటోడే, మీ అవ్వ కళ్ళారా చూసి పాలు మానిపించేసింది. ఆవుకి కీడు చేసే అట్లాంటి సూదులు కూడదని 1960 నాటి జంతువుల చట్టంలోనే రాసుంది. నాకు చట్టం కంటే ఆ ఆవు మొహం గుర్తొస్తాది, పాలు దిగతా ఉన్నాయి, అది మాత్రం ఎటో చూస్తా ఉందంట. తీసుకునేటప్పుడు అట్లా తీసుకోకూడదు నాయనా, ఆవు దగ్గరైనా, మీ అమ్మ దగ్గరైనా.

సరే, తీర్పు. మీరు పోయినాక నల్లకుక్క మూడు రోజులు గేటు దగ్గర తిండి మానేసి పడుకుంది అని రాస్తే పాప సంతోషిస్తాది, కానీ అది అబద్ధం. మీరు పోయిన పొద్దున్నే పక్కింటోళ్ళ ఇడ్లీకి పోయింది. కాబట్టి అబ్బోడు సగం గెలిచినాడు.

కానీ ఆ వారంలోనే రాత్రి వాన పట్టుకుంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు వాగులైన వాన కాదులే, అయినా మెట్ల కిందకి నీళ్ళు వచ్చేసినాయి. కరెంటు లేదు. టార్చి వేసి చూస్తే నల్లకుక్క ఒక్కో పిల్లని మెడ తోలు పట్టుకోని పైకి ఎక్కిస్తా ఉంది, మన చెప్పుల స్టాండ్ పక్కన పెడతా ఉంది. ఐదు పిల్లలు, ఐదుసార్లు. అన్నీ అయిపోయినాయి, నేను తలుపు వేసుకుందాం అనుకుంటే అది మళ్ళీ కిందకి దిగింది. ఆరోసారి. నీళ్ళల్లో నిలబడి మూల మూలా మూతి పెట్టి వాసన చూసింది, ఏమీ లేదని రూఢి చేసుకున్నాక పైకొచ్చి ఒళ్ళు దులిపింది. నా లుంగీ అంతా తడిసింది. అప్పుడు నా వైపు చూసి ఒక్కసారి తోక ఊపింది. నా చేతిలో బిస్కెట్ లేదు, టార్చి ఉంది. పాప కూడా సగం గెలిచింది అనుకో.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా ఉండా. పిల్లల తల్లిని ముట్టుకోవద్దు, తిండి దూరంగా పెట్టి వచ్చేయండి. ఏ కుక్క కరిచినా గీరినా దాచకండి, వెంటనే కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పెద్దోళ్ళకి చెప్పి సూదులు వేయించుకోవాల.

సంక్రాంతికి వస్తారు కదా. కనుమ రోజు రంగంపేటలో ఎద్దుల కొమ్ములకి పలకలు కట్టి జనం మీద పడి లాక్కుంటారు, మీ మామ తీసుకోని పోతానంటాడు, నాకైతే అది చూడబుద్ధి కాదు. మీరు నాతో పల్లెకి రండి. మా తమ్ముడింట్లో ఆవు ఉంది, ఈని నెల అయింది. తెల్లారి ఐదుకి లేవాల, సెల్లు ఇంట్లో పెట్టి రావాల. దూడ తలుగు విప్పేటప్పుడు అందరూ దూడనే చూస్తారు. మీరు ఆవు చెవులు చూడండి.

మీ అవ్వ చెనక్కాయలు వేయించి డబ్బాలో పోసింది, బస్సులో పంపిస్తా.

తాత
తిరుపతి