సంఘంలో మార్పు: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలోని తీరప్రాంతంలో ఒక చిన్న బాప్టిస్టు క్రైస్తవ సంఘానికి నేను కాపరిని. ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలు నన్ను నిలబెట్టి తరచూ చెప్పే మూడు మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పాత కీర్తనలే మనవి, కొత్త పాటలు, కీబోర్డు బయటినుంచి వచ్చినవి.

వాస్తవం: మనం పాడే క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల తలపైన రాగం, తాళం అచ్చై ఉంటాయి. తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన రాగతాళాల్లో కీర్తనలు కట్టడం ఆ రోజుల్లో కొత్త పోకడే. మనం పాతదిగా భావించే హార్మోనియం కూడా 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న వాయిద్యం. నా అభ్యంతరమల్లా శబ్దం మీదనే. పక్కన కూర్చున్నవారి గొంతు వినబడనంతగా స్పీకర్లు మోగితే, అక్కడ పాడేది సంఘం కాదు, వేదిక మీది నలుగురే.

అపోహ: వాడుక భాషలోకి మారిస్తే, ఫోన్‌లో చదివితే దేవుని వాక్యం గౌరవం తగ్గుతుంది.

వాస్తవం: తెలుగు బైబిలు మొదటినుంచీ దిద్దుబాట్లతోనే నడిచింది. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, దెగ్రాంజ్ అనే మిషనరీలు ఆనందరాయర్ సహాయంతో అనువాదం మొదలుపెట్టగా, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పాఠం తరువాత ఎన్నోసార్లు సవరణకు గురైంది. ఇక ఫోన్ సంగతి: మా సంఘంలో చూపు మందగించిన ఒక అవ్వ, మనవడు పెద్దది చేసి ఇచ్చిన అక్షరాలను వేలితో జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ, నాతోపాటు బైబిలులోని కీర్తనల గ్రంథం చదువుతుంది. అట్టలు ఊడిన ఆమె బైబిలు మాత్రం ఒడిలోనే ఉంటుంది.

అపోహ: ఫోన్ ప్రార్థనలు మందిరాలను ఖాళీ చేశాయి.

వాస్తవం: ఇది సగమే నిజం. 2020 లాక్‌డౌన్‌లో తలుపులు మూసినప్పుడు మొదలైన ఫోన్ ప్రార్థనలు, ఇంటినుంచి కదలడానికి బద్ధకించేవారికి సాకుగా మారిన మాట నిజమే. అయితే వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లే మా మత్స్యకారులకు, బోటు రేవులో ఉన్న రాత్రి వచ్చే ఆ కాల్ తప్ప సంఘంతో వేరే బంధం లేదు. దూరాన ఉన్నవారికి వాక్యం అందించడం అపొస్తలుల నాటి పద్ధతే. తన పత్రికను, అంటే ఉత్తరాన్ని, లవొదికయ సంఘంలోనూ చదివించమని పౌలు కొలొస్సయులకు రాశాడు. అయినా చెప్పవలసినవి ఎన్నో ఉన్నా సిరాతో, కాగితంతో కాక ముఖాముఖిగా మాట్లాడాలని ఆశిస్తున్నట్లు యోహాను తన రెండవ పత్రికలో రాశాడు. ఆ రెండూ దృష్టిలో ఉంచుకొని మా పెద్దల కమిటీ ప్రార్థన, వాక్యం, పరామర్శ ఫోన్‌లో జరపవచ్చని, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల మాత్రం కూడివచ్చినప్పుడే జరగాలని తీర్మానించింది.

జూన్ 1న పశ్చిమ తీరంలో వేట నిషేధం మొదలయ్యేనాటికి వేరావల్ నుంచి మా వాళ్లు ఇళ్లకు చేరుకుంటారు. ఆ నెల మొదటి ఆదివారం రొట్టె మామూలుకంటే ఎక్కువ సిద్ధం చేయమని సంఘ సేవకురాలికి ముందే చెబుతాను.