డెంగీ 'స్ట్రెయిన్ రిపోర్ట్' కోసం ఆగొద్దండీ: అపోహలు - వాస్తవాలు

వానలు పడి రెండు మూడు వారాలైతే చాలు, వైరస్‌ల జన్యువుల్ని చదివే (సీక్వెన్సింగ్ చేసే) మా ల్యాబ్‌కి ఒకటే రకం ఫోన్లు. "మేడం, మావాడికి డెంగీ ఎన్ఎస్1 టెస్ట్ పాజిటివ్ వచ్చింది, సీక్వెన్సింగ్ చేసి వైరస్‌లో ఏ రకం, ఏ స్ట్రెయిన్ అనేది చెప్తే దాన్నిబట్టి వైద్యం చేయిస్తాం" అని. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, చిత్తూరు, యాడినుంచి చేసినా ఇదే మాట. కరోనా టైంలో డెల్టా, ఒమిక్రాన్ అని టీవీలో విని విని, స్ట్రెయిన్ పేరు తెలిస్తే సగం గండం గడిచినట్టే అని జనానికి పడిపోయింది. భయంతో అడుగుతారు కాబట్టి వాళ్లమీద నాకు కోపం రాదు, కానీ "స్ట్రెయిన్ టెస్ట్ చేయించనిదే మందు వాడొద్దు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లమీద మాత్రం చాలా వస్తుంది.

అపోహ: స్ట్రెయిన్ తెలిస్తేనే సరైన వైద్యం.

వాస్తవం: కానే కాదు. డెంగీ వైరస్‌లో సీరోటైపులు, అంటే పెద్ద రకాలు, నాలుగు, వాటిల్లో మళ్లీ జీనోటైపులనే చిన్న రకాలు. ఏది వచ్చినా వార్డులో చేసేది ఒకటే, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, బీపీ, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క), ప్లేట్‌లెట్లు గమనించుకుంటా ఉండటం, అవసరమైతే సెలైన్ లెక్కప్రకారం ఎక్కించడం. వైరస్‌ని చంపే మందు నాలుగింట్లో దేనికీ లేదు. పైగా మేము ఒక్కో పేషెంటుకి సీక్వెన్సింగ్ చెయ్యం, శాంపిళ్లు కొన్ని పోగయ్యాక ఆర్ఎన్ఏ (వైరస్ జన్యుపదార్థం) తీసి, దాన్ని మెషిన్ చదివేట్టు తయారుచేసి, మెషిన్‌లో రన్ పెట్టి, డేటా సరిచూసుకునేసరికి వారాలు గడిచిపోతాయి, మా దగ్గరికొచ్చే ట్యూబుమీద పేరు కూడా ఉండదు, నంబరే. డెంగీ ఏమో వారం పది రోజుల్లో అటో ఇటో తేల్చేస్తుంది.

పోయినేడు ఒకాయన ఇట్లానే రోజూ ఫోన్ చేసేవాడు. ఆరోజు "జొరం దిగిపోయింది మేడం, రిపోర్ట్ వస్తే ఇంక నిమ్మళం" అంటున్నాడు, వెనకాల పిల్లోడు వాంతి చేసుకోవడం నాకు ఫోన్లో వినపడతానే ఉంది. ఒంటికి ఎప్పుడు పోశాడని అడిగితే ఇంట్లోకి కేకేసి కనుక్కుని "పొద్దున్నించి పొయ్యలేదంట" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆస్పత్రికి పొండి అని గట్టిగా చెప్పాను. అడ్మిట్ చేసుకున్నారు, కోలుకున్నాడు. జ్వరం దిగే టైమే, అంటే మూడో రోజునుంచి ఏడో రోజు మధ్యలో, డెంగీలో అసలు ప్రమాదం. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని నీరులాంటి భాగం) కారిపోయేది అప్పుడే. కడుపులో బాగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్లలో రక్తం, మనిషి మగతగా పడుండటం, మూత్రం తగ్గిపోవడం, వీటిల్లో ఏ ఒక్కటి కనపడినా ఆలస్యం చెయ్యొద్దు. ఒళ్లునొప్పులని డైక్లో ఇంజక్షను, బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసిటమాలే.

అపోహ: సీక్వెన్సింగ్ చేస్తే ఎవరు తెచ్చారో తెలిసిపోతుంది.

ఇదింకో తలనొప్పి. ఒక అపార్ట్‌మెంట్‌వాళ్లు వచ్చి, వేరే రాష్ట్రంనుంచి కొత్తగా అద్దెకి దిగిన కుటుంబమే తెచ్చిందని తేల్చి ఇమ్మన్నారు, ఖాళీ చేయించాలంట. ఆ ఇల్లాలు తలెత్తుకోలేక మెట్లదగ్గరే నిలబడిపోయిందని విని నాకు కడుపులో దేవినట్టయింది. డెంగీ జీనోమ్, అంటే వైరస్ మొత్తం జన్యువుల రాత, సుమారు 10,700 అక్షరాలు, ఏడాదికి మారేది అందులో ఏడో ఎనిమిదో. ఒకే వారంలో ఒకే వీధిలో జబ్బుపడిన ఇద్దరి వైరస్‌లు అక్షరం తేడా లేకుండా ఉండొచ్చు, అట్లాంటప్పుడు ఎవరినుంచి ఎవరికి అని ఎట్లా చెప్తాం? 2014లో టోక్యోలో దాదాపు 70 ఏళ్ల తర్వాత స్థానికంగా డెంగీ వచ్చింది, ఎక్కువమంది యొయొగి పార్కుకి వెళ్లినవాళ్లే, సీక్వెన్స్‌లు చూస్తే చాలావరకు ఒకటే వైరస్. అంటే అక్కడి దోమలే వ్యాపింపజేస్తున్నాయని తెలిసింది గానీ మొదట తెచ్చిన మనిషెవరో తేలలేదు. ఇంకోటి, సీక్వెన్స్‌లు పోల్చి మేము గీసే వైరస్ వంశవృక్షంలో మన వైరస్ పక్కన ఏదో ఊరి వైరస్ కనపడిందంటే అది అక్కడినుంచే వచ్చిందని కాదు, అక్కడ ఎక్కువ సీక్వెన్స్ చేసుంటారు, మధ్యలో ఊళ్లవి ఎవరూ చేసుండరు. కొండకొచ్చే భక్తులమీద నెట్టేసేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. వైరస్ మనుషులతోపాటు బస్సెక్కుతుంది నిజమే, కానీ దోమ పుట్టేది మన సంపులో, మూతలేని డ్రమ్ములో, పెరట్లో పారేసిన టెంకాయ చిప్పలో. గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి, డ్రమ్ము పారబోస్తే చాలదు, గోడలు బ్రష్‌తో రుద్దాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఒకసారి వస్తే మళ్లీ రాదనుకోవద్దు, అదే సీరోటైపు రాదంతే, వేరేది వస్తే రెండోసారి ముదిరే అవకాశం ఎక్కువ, మా సీక్వెన్సింగ్ పనికొచ్చేది ఇక్కడే, ఊళ్లో తిరిగే సీరోటైపు మారుతోందంటే ఆస్పత్రులు ముందే సిద్ధపడొచ్చు. మ్యుటేషన్ (జన్యువులో మార్పు) దొరికిందంటే కొత్త జబ్బని కాదు, ఈ వైరస్‌కి కాపీ తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు, మారతానే ఉంటుంది. ఎన్ఎస్1 కిట్టులో మామూలుగా సీరోటైపు తెలియదు.

ఎప్పుడైనా ఆస్పత్రిలో సీక్వెన్సింగ్ కోసమని రక్తం అడిగితే మాత్రం, జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపలైతే ఇవ్వండి, ఆ తర్వాత రక్తంలో వైరస్ సరిగా దొరకదు. దాని రిపోర్ట్ మీ చేతికి రాదు, మీ వైద్యం దానికోసం ఆగదు.