వాగ్దాన కార్డు చూసి పొలం అమ్మొచ్చా? దేవుని జ్ఞానంపై అపోహలు – వాస్తవాలు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా క్రైస్తవ సంఘంలో అందరూ వరుసలో వచ్చి, ఒక బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దాన కార్డు తీసుకుంటారు. కొన్నేళ్ల క్రితం ఒక తమ్ముడు ఆ కార్డు పట్టుకుని జనవరి మొదటి వారంలోనే మా ఇంటికి వచ్చాడు. అందులో ఉన్నది యిర్మీయా 29:11, మీ విషయంలో నావి మేలు చేసే ఉద్దేశాలే అని దేవుడు చెప్పే వాక్యం. "అయ్యగారూ, దేవుడే మాట ఇచ్చాడు. ఉన్న అరెకరం అమ్మి వ్యాపారం పెడతాను" అన్నాడు. అప్పటికి భార్యకు కూడా చెప్పలేదు.

అపోహ: కార్డులో వచ్చిన వాక్యమే నా సమస్యకు దేవుడిచ్చిన జవాబు.

వాస్తవం: ఆ వాక్యానికి ముందూ వెనకా చదవాలి. యిర్మీయా ఆ ఉత్తరం రాసింది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు. పై వచనంలోనే 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అదే అధ్యాయం చెబుతుంది. ఇదంతా కార్డులో పట్టదు.

తమ్ముడితో కూర్చుని అధ్యాయమంతా చదివాను. తర్వాత తెల్లకాగితం మీద అప్పు, వడ్డీ, పిల్లల ఫీజులు రాయించి, భార్యను కూడా పిలుచుకు రమ్మన్నాను. ఆమె ఒక్కటే అడిగింది: "పొలం పోతే ఇంట్లోకి గింజలు ఎక్కడివి?" అతను చాలాసేపు తల ఎత్తలేదు. పొలం అమ్మలేదు. ఆమె అడిగిన ఆ ప్రశ్నే అతని ప్రార్థనకు జవాబని నేను నమ్ముతున్నాను.

కార్డులు మేం ఇప్పటికీ పంచుతాం. "అధ్యాయం మొత్తం చదవండి" అని వెనక చేత్తో రాసి ఇస్తాం.

అపోహ: జ్ఞానం కావాలంటే 40 రోజులు ఉపవాసం ఉండాలి, లేదా పెద్ద దైవజనుడు తల మీద చెయ్యి పెట్టాలి.

వాస్తవం: అడగండి అంటుంది యాకోబు 1:5. దేవుడు ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడట. ఉపవాసం మంచిదే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి, దయచేసి.

అపోహ: జ్ఞానం అంటే జరగబోయేది ముందే తెలియడం.

వాస్తవం: ఏం కావాలో కోరుకో అని దేవుడు అన్నప్పుడు సొలొమోను రాజు అడిగింది ప్రజలకు న్యాయం తీర్చే వివేకం గల హృదయం.

అపోహ: భక్తి ఆదివారానికి, వ్యాపారం వ్యాపారానికి.

వాస్తవం: దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1. మా సంఘంలో చేపలమ్మే ఒక అక్క ఈ వాక్యం విన్న మర్నాడు ఇంటికి వచ్చి, "అయ్యగారూ, నా గిన్నె 200 గ్రాములుంటుంది. ఇన్నాళ్లూ దాన్ని కూడా చేపల ధరకే తూచాను" అని ఏడ్చింది. మొన్న సంతలో ఆమెను చూశాను. ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, ఆ అంకె కొన్నవాళ్లకు చూపించాకే చేపలు వేస్తోంది.