చల్లబడిన గుండె, ఈసీజీలో ఒక మూపురం

ఈసీజీ కాగితం మీద క్యూఆర్ఎస్ అనే నిటారు గీత పూర్తిగా కిందికి దిగకముందే, దాని భుజం మీద చిన్న మూపురం లేచిందంటే ముందు రోగి ఒళ్లు ముట్టుకుని చూడాలి. శరీరం లోపలి వేడి 32 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. పేరు ఆస్బార్న్ అల. జాన్ ఆస్బార్న్ అనే వైద్యుడు 1953లో కుక్కల మీద ప్రయోగాలు చేసి దీన్ని వివరించాడు. అంతకుముందే, 1938లో, చలికి బిగుసుకుపోయిన ఒక మనిషి ఈసీజీలో తొమషెవ్‌స్కీ అనే వైద్యుడు దీన్ని గమనించాడు.

గుండె కండరం బయటి పొరలో ఒక రకం పొటాషియం ప్రవాహం లోపలి పొరలో కన్నా బలంగా ఉంటుంది. చలిలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు పొరల మధ్య క్షణకాలం ఏర్పడే ఆ విద్యుత్ వ్యత్యాసమే కాగితం మీద మూపురంగా కనిపిస్తుంది. రక్తంలో కాల్షియం బాగా పెరిగినా, మెదడులో రక్తస్రావమైనా ఇలాంటిది రావచ్చు కాబట్టి, ఇది ఒక్కటే చూసి చలి అని తేల్చేయకూడదు.

మిగతా మార్పులూ ఉంటాయి. వణుకు వల్ల గీత అదురుతుంది. లయ పుట్టించే కణాలే మందగించడంతో గుండె నెమ్మదిస్తుంది, అందుకే గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇచ్చినా పెద్దగా ఫలితం ఉండదు. పీఆర్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం చేరే సమయం), క్యూటీ (కింది గదులు ఆ సంకేతం అందుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం) వ్యవధులు సాగుతాయి. వేడి 28 డిగ్రీల కిందికి జారితే రోగిని మోటుగా కదిపినా గుండె లయ తప్పి, కొట్టుకోకుండా గిలగిలలాడే ప్రమాదం ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది యంత్రం అచ్చువేసే రిపోర్టు. ఈ మూపురాన్ని అది గుండెపోటుగా చదవగలదు. చలికి రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ తగ్గి ఉంటుంది, అలాంటప్పుడు గుండెపోటు అనుకుని, రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా మామూలు పాదరసం థర్మామీటర్‌లో అంకెలు 35 దగ్గరే మొదలవుతాయి. అంతకన్నా చల్లబడిన ఒంటిని కొలవాలంటే, తక్కువ వేడిని చూపే పరికరంతో శరీరం లోపలే కొలవాలి.

గీత పూర్తిగా చదునైపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. 1999 మే నెలలో నార్వేలో స్కీయింగ్ చేస్తూ మంచు కప్పిన వాగులో పడిన డాక్టర్ అనా బోగెన్‌హోల్మ్ 80 నిమిషాలు అందులోనే ఉండిపోయారు. ట్రోమ్సో ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె శరీరం 13.7 డిగ్రీలకు పడిపోయింది, ఈసీజీలో కదలిక లేదు. డాక్టర్లు హార్ట్-లంగ్ మెషీన్‌తో ఆమె రక్తాన్ని బయటికి తీసి, వేడిచేసి, మళ్లీ ఎక్కించారు. గుండె తిరిగి కొట్టుకుంది. తర్వాత ఆమె అదే ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా పనిచేశారు.