ఎల్‌బీ లేదప్పా!

ఆదివారం పొద్దున అనంతపురంలో కాస్త ఖాళీ జాగా కనబడితే చాలు, అక్కడ క్రికెట్ ఉంటుంది. మొన్న ఒకచోట నిలబడి చూశాను. టెన్నిస్ బంతి సరిగ్గా వికెట్ల ముందున్న మోకాలికి తగిలింది. వికెట్లకు తగలాల్సిన బంతిని కాలు ఆపింది కాబట్టి ఎల్‌బీ, అంటే ఔటేనని బౌలర్ గొంతు చించుకున్నాడు. అంపైర్ తాపీగా, "ఎల్‌బీ లేదప్పా, ముందే అనుకున్యాం కదా" అన్నాడు. ఆ అంపైర్ బ్యాటింగ్ జట్టు వాడే. ఇంకో వికెట్ పడితే బ్యాటు పట్టుకోవాల్సింది తనే.

ఆర్థికశాస్త్రమంటే డబ్బు లెక్కలే అనుకుంటాం. నిజానికి ఏ ఒత్తిడి మనిషి తీర్పును ఎటు వంచుతుందో చూడడం కూడా ఆర్థికవేత్తల పనే. అందుకు ఆటలంత వాటం ఇంకేదీ కాదు. ఆఫీసులో పెద్దసారు ఎవరివైపు మొగ్గాడో స్కోరుబుక్‌లో ఎవరూ రాయరు. క్రికెట్లో ప్రతి వికెట్టూ రాసి ఉంటుంది.

బౌల్డ్ అయితే వికెట్ పడిపోతుంది, వాదనే లేదు. ఎల్‌బీ అలా కాదు, అది అంపైర్ అంచనా. బ్రిటన్‌లో అభినవ్ సచేటి, ఇయాన్ గ్రెగరీ స్మిత్, డేవిడ్ పాటన్ అనే ఆర్థికవేత్తలు 1986 నుంచి 2012 దాకా జరిగిన 1000 టెస్టుల్లో ఎల్‌బీలు లెక్కేశారు. అంపైర్లిద్దరూ ఆతిథ్య దేశం వాళ్లే అయితే బయటి నుంచి వచ్చిన జట్టుకు ఎల్‌బీలు ఎక్కువ పడ్డాయి. 1994 నుంచి ఒకరిని, 2002 నుంచి ఇద్దరినీ బయటి దేశాల నుంచి తెచ్చారు. ఇద్దరూ బయటివాళ్లయ్యాక ఆ తేడా కనబడలేదు. స్టేడియంలో అరిచే జనం మాత్రం అలాగే ఉన్నారు సుమా! అంటే ఇక్కడ తూకం తప్పించింది గోల కాదు, సొంత దేశం మీది మమకారం.

ఫుట్‌బాల్ కథ వేరు. స్పెయిన్ లీగ్ మ్యాచ్‌ల మీద 2005లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, సొంతూరి జట్టు ఒక్క గోల్ వెనకబడి ఉంటే రెఫరీలు చివర్లో అదనపు సమయం ఎక్కువిచ్చారు. ముందుంటే తొందరగా విజిల్ ఊదారు. లంచం తీసుకుని కాదు, వేల గొంతులు చెవిలో పడుతుంటే అలా అయిపోతుంది.

2024లో మా అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ అనే దేశవాళీ టోర్నీ ఆడారు. జట్ల పేర్లు ఇండియా ఎ, బి, సి, డి. సొంతూరి జట్టంటూ ఏదీ లేదు. మా ఊరివాళ్లు ఎవరి తరఫున అరవాలి? పేరున్న ఆటగాడి తరఫునే అరిచారు.

టెస్టు క్రికెట్ తటస్థ అంపైర్లను విమానాల్లో తెచ్చుకుంది. వీధి క్రికెట్‌కు అంత ఖర్చెక్కడిది? అందుకే నమ్మకం లేని తీర్పునే ఆటలోంచి తీసేశారు. బౌలర్ సణుక్కుంటూ మళ్లీ రనప్‌కు వెళ్లాడు. తర్వాతి బంతికి వికెట్‌గా పెట్టిన మూడు ఇటుకల్లో పైది ఎగిరిపడింది. అంపైర్ ఏమీ అనకుండా బ్యాటు అందుకున్నాడు.