చెరసాలలో ఒక ఉదయం

చిత్తూరు,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన పిల్లలకు,

మీ అవ్వ దీవెనలు. పోయిన వారం సండే స్కూలు అయిపోయాక మీలో ఒక అమ్మణ్ణి నా కొంగు పట్టుకుని ఆపింది. "అవ్వా, మా అక్క రెండోసారి నీట్ రాసింది. ఇంట్లో అందరం ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం. అయినా సీటు రాలేదు. దేవుడికి వినపడలేదా, విని కూడా ఊరుకున్నాడా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. తల నిమిరి పంపించేశాను. వారమంతా ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

"దేవుని సమయం వస్తుందిలే, ఓపిక పట్టు" అని మన పెద్దవాళ్లం అనేస్తుంటాం. మాట నిజమే. కానీ ఏడుస్తున్న పిల్లతో ఆ ఒక్క మాట అనేసి లేచి వెళ్లిపోవడం తప్పు. తన స్నేహితుడు లాజరు జబ్బుపడ్డాడని కబురు వచ్చాక కూడా యేసు ప్రభువు ఉన్న చోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. ఆయన బేతనియకు వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. నువ్వు ఇక్కడే ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని మార్త ఆయన ముఖం మీదే అంది. ఆయన కోప్పడలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా వాళ్లతో కలిసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. కాబట్టి అమ్మణ్ణీ, నువ్వు అడిగింది అవిశ్వాసం కాదు.

ఇప్పుడు యోసేపు సంగతి. రంగురంగుల అంగీ, గుంట, ఐగుప్తు అన్నీ మీకు కంఠతా వచ్చు. అన్నలు అతన్ని బానిసగా అమ్మేసిన నాటికి అతనికి దాదాపు 17 ఏళ్లు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడేసరికి 30. నేను ఎప్పుడూ ఆగిపోయేది మధ్యలో, ఆదికాండం 40వ అధ్యాయం దగ్గర. చెరసాలలో ఒక ఉదయం యోసేపు ఇద్దరు ఖైదీల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల ముఖాలు వాడిపోయి ఉన్నాయి. "ఈరోజు ఎందుకలా ఉన్నారు?" అని అడిగాడు. అంతే. చెయ్యని తప్పుకు జైల్లో ఉన్నవాడు పక్కవాళ్ల ముఖాలు చూశాడు! ఇదే కుర్రవాడు ఇంట్లో ఉన్నప్పుడు తన కలలు చెప్పుకుంటూ, అన్నల ముఖాలు ఎలా మారిపోతున్నాయో గమనించలేదు. ఆ మార్పు సుఖంగా ఉన్న రోజుల్లో రాలేదు. తర్వాత కూడా వెంటనే తలుపు తెరుచుకోలేదు. ఆ ఇద్దరిలో విడుదలైన పానదాయకుడు, అంటే ఫరోకు గిన్నె అందించేవాడు, అతన్ని మరిచిపోయాడు, ఇంకో రెండేళ్లు గడిచిపోయాయి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అతన్ని అమ్మింది అన్నలు. చివర్లో వాళ్లను క్షమించినప్పుడు కూడా యోసేపు వాళ్లు చేసింది మంచిపని అనలేదు. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అన్నాడు. మీ అక్కకు సీటు రాకుండా దేవుడే అడ్డుపడ్డాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నా సంగతి కూడా చెబుతాను. 1985లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను. ఉద్యోగం రావడానికి ఆరేళ్లు పట్టింది. మధ్యలో ఒకసారి లిస్టులో పేరు వచ్చి, ఎవరి పొరపాటో ఏమో, మళ్లీ తీసేశారు. ఆ ఎండాకాలాలు పుంగనూరు దగ్గర మా ఊళ్లో చింతపండు కొట్టే కూలికి పోయాను. పెంకు ఒలిచి, నార లాగి, రాయి మీద పెట్టి కొట్టి గింజ తియ్యాలి. వేళ్ల మీద పగుళ్లలోకి పులుపు దిగితే రాత్రి నిద్ర పట్టేది కాదు. మొదటి ఏడాది ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంత చదివి ఇక్కడ కూర్చున్నానే అని ఒకటే టెన్షన్. రెండో ఏడాది ఒకరోజు పక్కనున్నామె కూలి లెక్క పుస్తకంలో వేలిముద్ర వేస్తూ తల దించుకోవడం చూశాను. మర్నాటి నుంచి మధ్యాహ్నం సంగటి తిన్నాక, చింతగింజలు నేల మీద పేర్చి ఆమెకు అక్షరాలు నేర్పాను. తన పేరు తాను రాసుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. నాకు పాఠం చెప్పడం వచ్చింది అక్కడే. కానీ మా అమ్మ నా మొదటి జీతం చూడకుండానే పోయింది. ఎందుకలా జరిగిందని ఈ రోజుకీ ప్రభువును అడుగుతూనే ఉన్నాను.

మనవాళ్లు జబ్బు చేస్తే పోయే రాయవేలూరు సీఎంసీలో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ ఉండేది. 1954లో బండి ప్రమాదంలో ఆమెకు నడుము కింద చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల వంకర పోయిన చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత తనలా కాళ్లు పడిపోయినవాళ్లు మళ్లీ బతుకు మొదలుపెట్టేలా అక్కడ ఒక విభాగాన్నే నడిపింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె కాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

అమ్మణ్ణీ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ అక్కను మా ఇంటికి తీసుకురా. నీట్ మాట నేను ఎత్తను. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసి ఉంచుతాను.

మీ అవ్వ